ఆ రాత్రి పిల్లాడు ఎవరి పక్కన పడుకున్నాడు?

వాడరేవులో మా పిన్ని వాళ్ళింటి వసారా నాకు అచ్చొచ్చిన చోటు. చీరాల స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే అరగంట తిరక్కుండా సముద్రం కనిపిస్తుంది. నవలకి ముగింపు కుదరనప్పుడల్లా అక్కడికి పారిపోతుంటాను. ఈసారి మాత్రం ముగింపూ కుదిరి, పుస్తకం అచ్చూ అయి, దాన్ని సంచీలో పెట్టుకుని మరీ వెళ్ళాను. పిన్ని చేత నాలుగు మంచి మాటలు అనిపించుకుందామని. దాచుకోవడమెందుకు!

పిన్నికి ఒక అలవాటుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో చాప పరుచుకుని ఏదో ఒక నవల పైకి చదువుతుంది. వినేది చేపల అవ్వ. పొద్దుటే గంప నెత్తినపెట్టుకుని వీధులన్నీ తిరిగి, అమ్మకం అయ్యాక ఎండ తగ్గేదాకా మా పిన్ని వసారాలోనే నడుం వాలుస్తుంది. అవ్వకి అక్షరం ముక్క రాదు. కానీ మా అమ్మా, పిన్నీ వారపత్రికల్లోంచి చింపి, బైండు చేయించి దాచుకున్న సీరియల్ నవలలు ఆవిడ చెవిన పడనిది లేదు. ఏ నవలలో ఏ కోడలు ఏ అత్తగారిని ఎట్లా దారికి తెచ్చిందో ఇప్పటికీ వరసగా చెప్పగలదు.

నా నవల నాలుగు మధ్యాహ్నాలు నడిచింది. అయిదోనాడు చివరి ప్రకరణం. నా కథానాయిక అవమానాలు భరించి భరించి, ఒక వానరాత్రి సూట్‌కేసు పట్టుకుని ఇల్లు వదిలి బయటికి నడుస్తుంది. వెనక తలుపు మూసుకుంటుంది. ముందు తెల్లవారుతుంటుంది. మీరెన్నిసార్లు చదివుంటారో ఈ ముగింపు! అయినా పిన్ని కళ్ళు చెమర్చాయి. నా గుండె ఉప్పొంగింది.

అవ్వ మాత్రం గంప సర్దుకుంటూ, “అదంతా సరే అమ్మాయ్, ఆ రేత్రి పిల్లోడు ఎవరి పక్కన పడుకున్నాడు?” అంది.

నాకు నోట మాట రాలేదు. కథలో ఆరేళ్ళ బాబు ఉన్నాడు. రెండో ప్రకరణంలో పుట్టించాను, నాలుగులో జ్వరం తెప్పించాను, తొమ్మిదిలో బోర్డింగు స్కూలుకి పంపించేశాను. ఎందుకు పంపించాను? పిల్లాడు చెయ్యి పట్టుకుని ఉంటే ఆవిడ అంత ఠీవిగా బయటికి నడవలేదు కనక! సూట్‌కేసొక చేతా, నిద్రకళ్ళతో ఏడిచే పిల్లాడొక చేతా ఉంటే ముగింపు పాడవుతుంది. అదీ అసలు సంగతి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన కథల్లోనూ సినిమాల్లోనూ విడిపోయిన మొగుడూ పెళ్ళాల పిల్లలంతా ఏమయ్యారా అని ఒక్కొక్కటే లెక్క వేసుకున్నాను. నేనొక్కదాన్నే కాదు, మా రచయితల కులమంతా ఈ విషయంలో కాస్త దొంగలమే అనిపించింది.

మొదట చలంగారినే తీసుకుందాం. ఆయన పెరిగింది తెనాలిలో, అంటే మా ప్రాంతం మనిషే. ‘మైదానం’ 1927లో వచ్చింది. రాజేశ్వరి ప్లీడరు భర్తని వదిలి అమీర్‌తో వెళ్ళిపోతుంది. ఆమె వదిలి వెళ్ళిన ఇంట్లో పిల్లలు లేరు. గమనించారా? ఆ తలుపు దగ్గర కాళ్ళకి చుట్టుకునేవాళ్ళెవరూ లేరు. తర్వాత ఆమె కడుపుతో ఉందని తెలిసినప్పుడు ఆ మైదానమే అదిరిపోయింది. అమీర్ ఆ బిడ్డని వద్దంటాడు. అంతటి ప్రేమకీ అడ్డం వచ్చింది మొగుడూ లోకమూ కాదు, ఇంకా పుట్టని బిడ్డ! చలంగారికి పిల్లల సంగతి తెలియదని మాత్రం అనలేం. పిల్లల్ని కొట్టకండి, వాళ్ళూ మనుషులే అని వాదిస్తూ ‘బిడ్డల శిక్షణ’ రాసిన మనిషి ఆయన. కానీ ఆ పుస్తకంలోని పిల్లలు ఈ నవలలోకి రాలేదు. రెండు పుస్తకాలూ ఒకే బీరువాలో ఉన్నా ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు.

ఇంకో చిత్రం చూడండి. భర్త ప్లీడరైనా కథలో చట్టం ఊసే ఉండదు. ఉండటానికి ఆనాడు ఏముంది గనక? కులాచారం ఒప్పుకున్నవాళ్ళకి తప్ప హిందువులకి విడాకులే లేవు. మన కోస్తా జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1949లో, రెండో పెళ్ళిని నిషేధించి విడాకులకి దారి ఇస్తూ అక్కడ ఒక చట్టం వచ్చింది. దేశమంతటికీ హిందూ వివాహ చట్టం వచ్చింది 1955లో. ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే వీలు 1976లో గాని రాలేదు. కనక రాజేశ్వరికి మైదానం తప్ప గతి లేదంటే ఒప్పుకుంటాను. నా కథానాయికకి ఆ సాకు లేదే!

పిల్లల్ని అడ్డం తొలగించడం ఒక పద్ధతి. పిల్లలచేత అతుకు వేయించడం రెండో పద్ధతి. ‘లేత మనసులు’ (1966) మీలో చాలామంది చూసే ఉంటారు. హరనాథ్, జమున విడిపోతారు. కవల ఆడపిల్లలు ఒకతి తల్లి దగ్గర, ఒకతి తండ్రి దగ్గర పెరుగుతారు. కలుసుకుని, చోట్లు మార్చుకుని, అమ్మా నాన్నలని మళ్ళీ కలుపుతారు. కుట్టి పద్మిని రెండు వేషాలూ వేసి అందరిచేతా కంటతడి పెట్టించింది. ఈ కథ ఎంత దూరం నుంచి వచ్చిందో తెలుసా? జర్మన్ రచయిత ఎరిక్ కెస్ట్‌నర్ 1949లో పిల్లల కోసం రాసిన నవల అది. లోట్టే తల్లితో మ్యూనిక్‌లో ఉంటుంది, లూయీసె తండ్రితో వియన్నాలో. దాన్ని 1961లో హాలీవుడ్ వాళ్ళు తీశారు, 1965లో అరవంలోకి వచ్చింది, ఆ మరుసటేడు మనింటికొచ్చింది.

ప్రయాణంలో సామాను కొంత పోతుంది కదా! కెస్ట్‌నర్ తన నవలలోనే పిల్లల పుస్తకంలో విడాకుల మాటేమిటని అడిగేవాళ్ళకి సమాధానం చెప్పుకున్నాడు. లోకంలో ఇలాంటి పిల్లలున్నారు, వాళ్ళు పడే బాధ ఉంది, దాన్ని వాళ్ళకి అర్థమయ్యేట్టు చెప్పడం తప్పు కాదు అన్నది ఆయన వాదన. మన దగ్గరికొచ్చేసరికి అదంతా ధనగర్వం ఉన్న అత్తగారి పాపంగా మారిపోయింది. అత్తగారికి బుద్ధొస్తే సంసారం బాగుపడుతుంది! సినిమా బాగాలేదని నేననను. ఇప్పటికీ టీవీలో వస్తే వంట మానేసి చూస్తాను. కానీ ఒకటి ఆలోచించండి. అమ్మానాన్నలని కలపడం పిల్లల బాధ్యత అని ఆ సినిమా నేర్పింది. కలపలేకపోయిన పిల్లల సంగతేమిటి? హాల్లో కూచుని చూసిన ఏ పదేళ్ళ పిల్లో ‘నేను సరిగ్గా ప్రయత్నించలేదేమో’ అనుకుని ఉండదా?

ఈ మాట మర్నాడు అవ్వతో అంటే ఆవిడ నవ్వింది. “సినిమాలో గాబట్టి కలిశారు. మా పిల్ల సంసారంలో పెద్దలు కూచుని, మగపిల్లోడు బాబు కాడ, ఆడపిల్ల తల్లి కాడ అని పంచారు. వలలు పంచినట్టు. ఇద్దరూ మళ్ళీ ఒకళ్ళ మొకం ఒకళ్ళు చూసుకోను ఏడేళ్ళు పట్టింది” అంది. పిన్ని పుస్తకం మూసేసింది. ఆ మధ్యాహ్నం ఇంకేమీ చదవలేదు.

కెస్ట్‌నర్ కవలలు వాడరేవులోనూ ఉన్నారన్నమాట. ఆచారం ప్రకారం పెద్దల ముందు తెంచుకునే విడాకులని 1955 చట్టం కూడా కాదనలేదు. ఆచారం రుజువైతే చెల్లుతాయి. కానీ పిల్లల పంపకం అలా కాదు. పెద్దలు పంచినా, అమ్మా నాన్నా కాగితం రాసుకున్నా, కోర్టు దగ్గరికి వస్తే అది చూడాల్సింది ఒక్కటే, ఏది పిల్లల క్షేమమని. ఇది 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో ఉంది. పిల్లలు తల్లిదండ్రుల సొత్తూ కాదు, ఆటవస్తువులూ కాదన్న అర్థం వచ్చేట్టు 1973లో రోజీ జేకబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా నవలా రచయితలు ఇన్నేళ్ళలో చెప్పలేని మాట తీర్పులో ఉంది.

మూడో పద్ధతి మరీ పాతది. తల్లిని భూమిలోకి పంపించి పిల్లల్ని తండ్రికి అప్పగించడం. 1963లో వచ్చిన రంగుల ‘లవకుశ’ని మించిన కస్టడీ కథ తెలుగులో లేదని నా అభిప్రాయం. నవ్వకండి. కన్నది, పెంచింది, విద్యాబుద్ధులు చెప్పించింది తల్లి. తీరా పిల్లలు చేతికి అందొచ్చాక తండ్రి రావడమూ, ఆవిడ మాయమవడమూ ఒకేసారి జరిగిపోతాయి. హాల్లో అందరూ సీతమ్మ కోసం ఏడ్చారు, నేనూ ఏడ్చాను. లవుడూ కుశుడూ ఆ రాత్రి అంతఃపురంలో ఎలా పడుకున్నారో ఎవరూ అడగలేదు.

ఓల్గాగారు కొంత అడిగారు. ఆవిడా తెనాలి కాలేజీలో ఏళ్ళ తరబడి తెలుగు పాఠాలు చెప్పినవారే. ‘విముక్త’ కథల్లో సీతకి అడవిలో శూర్పణఖ ఎదురవుతుంది. పిల్లలే లోకంగా బతుకుతున్న తల్లికి, వాళ్ళు పెద్దయి వెళ్ళిపోయాక తనకంటూ ఏం మిగులుతుందన్న ఆలోచన అక్కడ మొదలవుతుంది. 2015లో సాహిత్య అకాడమీ బహుమతి ఆ పుస్తకానికే వచ్చింది. తల్లి వైపు నుంచి అంత నిబ్బరంగా ఆలోచించిన కథలు మనకి తక్కువ. అయినా ఏమాటకామాట చెప్పుకోవాలి. అది సీత విముక్తి. పిల్లల వైపు కథ ఇంకా ఎవరో రాయాల్సే ఉంది.

ఈ చిక్కు మన ఒక్కళ్ళదే అనుకోకండి. ఇబ్సెన్ 1879లో రాసిన ‘డాల్స్ హౌస్’లో నోరా ముగ్గురు పిల్లల్ని వదిలి తలుపు మూసుకుని వెళ్ళిపోతుంది. జర్మనీలో ఆ వేషం వెయ్యాల్సిన నటి, నేనయితే పిల్లల్ని వదలను, ఈ ముగింపుతో ఆడనని కూచుంది. ఇంకెవరో మార్చి పాడుచేసేకన్నా నయమని ఇబ్సెనే కష్టంగా ఇంకో ముగింపు రాసిచ్చాడు. అందులో భర్త ఆవిణ్ణి పిల్లల గది గుమ్మం దాకా లాక్కొస్తాడు, ఆవిడ అక్కడే కూలబడిపోతుంది. చూశారా, రెండే దారులు! పిల్లల్ని మరిచిపోతే స్వేచ్ఛ, గుర్తు చేసుకుంటే చెర. మధ్యలో ఇంకోటి ఉండొచ్చని ఎవరికీ తోచలేదు.

తోచింది వందేళ్ళ తర్వాత, 1979లో వచ్చిన ‘క్రేమర్ వర్సెస్ క్రేమర్’ సినిమాలో. తల్లి వెళ్ళిపోతుంది. వంట రాని తండ్రి పిల్లాడికి పొద్దున ఫలహారం చెయ్యబోయి వంటిల్లంతా కంగాళీ చేస్తాడు. సినిమా చివరికొచ్చేసరికి అదే తండ్రీ అదే కొడుకూ ఒక్క మాట లేకుండా అదే ఫలహారం చకచకా చేసుకుంటారు. మధ్యలో కోర్టు ఉంది, వాదనలున్నాయి. కేసు తల్లి గెలుస్తుంది. గెలిచి, పిల్లాణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చి, వాడి ఇల్లు ఇదేనని తెలుసుకుని వదిలేస్తుంది. ఎవరు మంచి, ఎవరు చెడ్డ అన్న గోల లేదు. పిల్లాడికి పొద్దున టిఫిను ఎవరు పెడుతున్నారన్నదే కథ. అవ్వ అడిగిన ప్రశ్నా అదే జాతిది.

మా రచయితల భయమేమిటంటే, కథ కోర్టు గుమ్మం ఎక్కితే చచ్చిపోతుందని. ఎక్కించినా బల్ల గుద్దే వకీలు, “యువరానర్” అనే అరుపులు, బోనులో స్పృహ తప్పే ఆడది. కుటుంబ న్యాయస్థానాల కోసం 1984లో వచ్చిన చట్టం చదివితే అక్కడ కథ ఎలా నడవాలో తెలుస్తుంది. ముందు ఇద్దరినీ కూచోబెట్టి రాజీ కుదురుతుందేమో చూడాలి. వకీలు పెట్టుకోవడం హక్కుగా రాదు, కోర్టు అనుమతిస్తేనే. ఇద్దరిలో ఒకరు కోరితే తలుపులు మూసి విచారించాలి. పిల్లలకి ఊహ తెలిసిన వయసైతే వాళ్ళ ఇష్టం ఏమిటో కూడా లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్ల చట్టమే చెప్పింది. ఎవరూ చూడని గదిలో, ఎనిమిదేళ్ళ పిల్ల ఒక పెద్దాయన ఎదుట కుర్చీలో కూచుని, కాళ్ళు నేలకి అందక ఊపుకుంటూ, ఎవరి దగ్గర ఉంటావమ్మా అన్న ప్రశ్నకి జవాబు వెతుక్కుంటుంటే, అంతకన్నా గొప్ప ఘట్టం మనకెక్కడ దొరుకుతుంది?

నిజమైన కథలు ఆ కాగితాల్లోనే పడి ఉన్నాయి. ‘మరో చరిత్ర’లో ప్రేమకోసం ప్రాణమిచ్చే పిల్లగా సరితని చూసి తెలుగుదేశమంతా కన్నీళ్ళు పెట్టుకుంది. అదే సరిత జీవితంలో, కాపురానికి రమ్మని భర్త కడప కోర్టుకెళితే, ఇష్టంలేని ఆడదాన్ని కాపురానికి పొమ్మని కోర్టు ఆజ్ఞాపించవచ్చా అని ఎదురడిగింది. కూడదు, అది ఆమె శరీరం మీద ఆమెకున్న హక్కుకి విరుద్ధమని 1983లో మన హైకోర్టులో జస్టిస్ పి.ఎ.చౌదరి తీర్పిచ్చారు. మరుసటేడు ఇంకో కేసులో సుప్రీంకోర్టు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు, ఆ సెక్షను చట్టంలో అలాగే ఉంది. ఓడినా గెలిచినా అది కథ కాదూ? ఆవిడ వేసిన సినిమా వేషం అందరికీ గుర్తుంది. అడిగిన ప్రశ్న ఎందరికి గుర్తుంది?

ఇంకో రచయిత్రి కథ వినండి. గీతా హరిహరన్ ఇంగ్లీషులో రాస్తారు. కొడుకు పేర రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే, తల్లి సంతకం చాలదు, గార్డియన్‌గా తండ్రి సంతకం కావాలన్నారు. చట్టంలో సహజ గార్డియన్ తండ్రి, ‘ఆయన తర్వాత’ తల్లి అని ఉంది మరి. భార్యాభర్తలు పోట్లాడుకున్నవాళ్ళు కూడా కాదు, ఇద్దరూ కలిసే సుప్రీంకోర్టుకెళ్ళారు. ‘తర్వాత’ అంటే తండ్రి పోయిన తర్వాత అనే కాదు, ఆయన పట్టించుకోనప్పుడూ, దగ్గర లేనప్పుడూ కూడా అని 1999లో కోర్టు అర్థం చెప్పింది. చట్టంలో అక్షరాలు మాత్రం ఈనాటికీ మారలేదు. ఒక్క మాట మీద అంత యుద్ధం! మేమేమో పేజీలకి పేజీలు వెన్నెల రాస్తాం.

ఇదంతా రచయితల గొడవ, మాకెందుకంటారా? అక్కడే ఉంది నా బాధ. నవల చదివిన తర్వాత ఆడవాళ్ళు నాకు ఉత్తరాలు రాస్తారు. ‘మీ కథానాయికలా బయటికి రావాలనుంది, కానీ కోర్టుకెళితే పిల్లాణ్ణి లాక్కుంటారటగా?’ అని. ఈ ‘అట’ ఎవరు నేర్పారు? మేమే నేర్పాం, కథల్లోంచి పిల్లాణ్ణి మాయం చేసి. అయిదేళ్ళలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని చట్టంలో ఉందని మేం రాయలేదు. ఒకరి దగ్గర ఉంచినా రెండోవారు వచ్చి చూసే ఏర్పాటు కోర్టు చేస్తుందని రాయలేదు. బిడ్డ ఖర్చుకి తండ్రిని అడగొచ్చనీ, ఆస్తి ఉన్నా లేకపోయినా ఆడవాళ్ళకి ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టంలో ఉందనీ రాయలేదు. ఇవన్నీ తేలిగ్గా దొరుకుతాయని నేననను. వాయిదాల మీద వాయిదాలు, చార్జీలు, సెలవు చీటీలు, ఆదివారం బస్టాండులో పిల్లాణ్ణి అప్పగించి తిరిగి రావడం, అన్నీ కష్టాలే. ఆ కష్టాలు రాయడమే మా పని. పని మానేసి ముగింపు అందంగా ఉంచుకున్నాం.

తిరిగి వచ్చేముందు ఆ చివరి ప్రకరణం మళ్ళీ రాశాను. అచ్చయిన పుస్తకాన్ని మార్చలేను గానీ, రెండో ముద్రణ అంటూ ఉంటే అందులోకి. ఈసారి వాన లేదు, తెల్లవారడం లేదు. ఆవిడ స్నేహితురాలి ఇంట్లో, ఇరుకు గదిలో, చాపమీద పడుకుంటుంది. పక్కన పిల్లాడు. వాడికి నిద్ర పట్టదు, నాన్న రేపు వస్తాడా అని అడుగుతాడు. రాడనీ చెప్పదు, వస్తాడనీ చెప్పదు. ఆదివారం వస్తాడంటుంది. పొద్దుటే బడికి వెళ్ళాలని యూనిఫారం కోసం సూట్‌కేసు తెరుస్తుంది.

పిన్ని చదివింది. కన్నీళ్ళేమీ రాలేదు. “ముందుదే బాగుందేమోనే!” అంది మొహమాటంగా.

అవ్వ మాత్రం చీర చెంగు భుజాన వేసుకుంటూ, “ఇప్పుడు సరిపోయింది అమ్మాయ్. యూనిఫారం తెచ్చుకుంది, తెలివైందే. పుస్తకాల సంచీ తెచ్చిందా?” అంది.

తేలేదు. ఆ ఒక్కటీ ఇంకా రాయాలి.